పాత కెర్నెల్‌ను అట్టిపెట్టుకోవాలంటే

లైనక్స్ శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఒక కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను (వర్చువల్ మెషిన్‌ను) నడిపే వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ వంటి సాఫ్ట్‌వేర్ వాడేవారికి, హార్డ్‌వేర్‌కూ ప్రోగ్రాములకూ నడుమ ఉండే లైనక్స్ కెర్నెల్ మారినప్పుడల్లా ఎదురయ్యే ఇబ్బందుల గురించి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. మొదటి జవాబు కాస్త పొడవుగా ఉంటుంది. తరువాతి ప్రశ్నల్లో చాలావాటికి మూలం అందులోనే ఉంది.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో ఉబుంటు 22.04 ఉంది. మా ఆఫీసులో అందరూ వర్చువల్‌బాక్స్ 6.1 వరుసలోని ఒకే పాత విడుదలను వాడాలన్న నియమం ఉన్నందువల్ల దాన్ని మార్చుకునే వీలు నాకు లేదు. చాలాకాలం తరువాత అప్‌డేట్లన్నీ వేసి రీస్టార్ట్ చేస్తే కెర్నెల్ 5.15 నుంచి 6.8కి మారింది. అప్పటి నుంచి ఏ వర్చువల్ మెషిన్‌ను తెరిచినా ‘కెర్నెల్ డ్రైవర్ నాట్ ఇన్‌స్టాల్డ్’ అనీ, పక్కన -1908 అనీ వస్తోంది. బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో పాత 5.15ను ఎంచుకుంటే అన్నీ మామూలుగా పనిచేస్తున్నాయి. ఇక ఎప్పటికీ ఆ పాత కెర్నెల్‌లోనే ఉండిపోవచ్చా?

జవాబు: ‘ఎప్పటికీ’ అన్న మాట తీసేస్తే, ఉండిపోవచ్చు. అయితే పాత కెర్నెల్‌లో ఉండిపోవడం రెండు రకాలు. 5.15 అనే వరుసలోనే ఉంటూ, ఆ వరుసకు వచ్చే భద్రతా సవరణలన్నిటినీ ఎప్పటికప్పుడు తీసుకోవడం ఒకటి. ఇవాళ మీ డిస్కులో ఉన్న ఆ ఒక్క కెర్నెల్ ప్యాకేజీని కదలకుండా బిగించి, దాని తరువాత వచ్చినవేవీ ముట్టుకోకపోవడం రెండోది. మీకు కావలసింది మొదటిది. చాలామంది తొందరలో చేసేది రెండోది.

ముందు ఈ గొడవ ఎందుకు వస్తుందో చూద్దాం. లైనక్స్ కెర్నెల్‌కూ మామూలు ప్రోగ్రాములకూ మధ్య ఉన్న సరిహద్దు చాలా గట్టిది. పదేళ్ల కిందటి ప్రోగ్రాము కొత్త కెర్నెల్ మీద నడవకపోతే అది కెర్నెల్ తప్పేనని లైనస్ టోర్వాల్డ్స్ మొదటి నుంచీ పట్టుబడుతూ వచ్చారు. కెర్నెల్ లోపలి సంగతి పూర్తిగా వేరు. లోపలి ఫంక్షన్ల పేర్లు, అవి తీసుకునే విలువలు, డేటా నిర్మాణాలు ఎప్పుడైనా మారవచ్చు. వాటికి స్థిరత్వం ఇవ్వబోమని గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ రాసిన ఒక పత్రం కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. కెర్నెల్ సోర్సులో భాగంగా ఉన్న డ్రైవర్లకు దీనివల్ల నష్టం లేదు, ఎందుకంటే ఒక ఫంక్షన్‌ను మార్చిన వ్యక్తే దాన్ని వాడే డ్రైవర్లన్నిటినీ సరిదిద్ది మరీ మార్పును పంపాలి. బయట ఉన్న డ్రైవర్లను మాత్రం ఎవరి తిప్పలు వారు పడాలి.

వర్చువల్‌బాక్స్ సరిగ్గా ఆ బయటి జాబితాలో ఉంది. ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయాన్ని, అంటే ఇంటెల్‌లో వీటీ-ఎక్స్‌ను, ఏఎండీలో ఏఎండీ-వీని చేతిలోకి తీసుకోవాలంటే కెర్నెల్ స్థాయి అధికారం కావాలి కనుక, అది ‘వీబాక్స్‌డ్రవ్’ అనే మాడ్యూల్‌ను (కెర్నెల్‌కు తగిలించే ముక్కను), నెట్‌వర్కు కోసం ‘వీబాక్స్‌నెట్‌ఫ్లిట్’, ‘వీబాక్స్‌నెట్‌ఏడీపీ’ అనే మరి రెండింటిని కెర్నెల్‌లోకి ఎక్కిస్తుంది. వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో ఇదే పని ‘వీఎంమాన్’, ‘వీఎంనెట్’ చేస్తాయి. ఒక కెర్నెల్ కోసం తయారైన మాడ్యూల్‌ను మరో కెర్నెల్ సాధారణంగా రానివ్వదు. ప్రతి మాడ్యూల్‌లోనూ ‘వెర్‌మ్యాజిక్’ అనే గుర్తు ఉంటుంది, అది సరిపోలకపోతే గుమ్మంలోనే ఆపేస్తుంది. అందుకే కెర్నెల్ మారిన ప్రతిసారీ ఆ కెర్నెల్ హెడర్లతో (లోపలి ఫంక్షన్ల వివరాలున్న ఫైళ్లతో) మాడ్యూళ్లను మళ్లీ కంపైల్ చేయాలి. డెల్ కంపెనీలో పుట్టిన డీకేఎంఎస్ అనే సాధనం చేసేది ఈ పనే. కొత్త కెర్నెల్ ఇన్‌స్టాల్ కాగానే మాడ్యూళ్లను దానికి తగ్గట్టు తిరిగి కట్టడానికి ప్రయత్నిస్తుంది. సోర్సులో వాడిన ఫంక్షన్ కొత్త కెర్నెల్‌లో అసలు లేకపోతే డీకేఎంఎస్ మాత్రం ఏం చేస్తుంది? కంపైల్ ఆగిపోతుంది, మాడ్యూల్ తయారు కాదు, మీకు -1908 కనిపిస్తుంది.

ఈ మార్పులు ఎలా ఉంటాయో ఒకటి రెండు చెబుతాను. 2020లో వచ్చిన 5.7 కెర్నెల్‌లో ‘కాల్‌సిమ్స్_లుకప్_నేమ్’ అనే ఫంక్షన్‌ను బయటి మాడ్యూళ్లకు అందకుండా చేశారు. అప్పటివరకూ చాలా మాడ్యూళ్లు దొడ్డిదారిగా వాడుకున్నది దాన్నే. ఆ వెంటనే వచ్చిన 5.8లో మెమరీకి సంబంధించిన ‘ఎంమ్యాప్_సెమ్’ పేరు ‘ఎంమ్యాప్_లాక్’ అయింది, ‘వీమాలాక్’ కుటుంబంలోని ఒక ఫంక్షన్ నుంచి ఒక విలువను తీసేశారు. చూడటానికి చిన్న మార్పులే, కానీ పాత సోర్సు కంపైల్ కాకుండా ఆపడానికి ఒక్కటి చాలు. కొత్త కెర్నెల్ సుమారు తొమ్మిది పది వారాలకు ఒకటి వస్తుంది కనుక, 5.15కూ 6.8కీ నడుమ ఇలాంటివి ఎన్ని పోగుపడి ఉంటాయో ఊహించుకోవచ్చు.

అసలు కారణాన్ని మీ కళ్లతో చూడాలంటే ‘వార్’ ఫోల్డరులోని ‘లాగ్’లో ‘వీబాక్స్-సెటప్.లాగ్’ అనే ఫైలును తెరవండి. ఉబుంటు సొంత ప్యాకేజీ వాడుతున్నవారైతే ‘వార్’లోని ‘లిబ్’, అందులోని ‘డీకేఎంఎస్’ కింద ‘మేక్.లాగ్’ ఉంటుంది. వందల పంక్తులు కనిపిస్తాయి. అందరూ చివరి పంక్తి చదివి, అందులో ‘ఎర్రర్ 2’ అని తప్ప ఏమీ లేదని వదిలేస్తారు. పైనుంచి వెతుకుతూ మొట్టమొదట ‘ఎర్రర్’ అన్న మాట వచ్చిన చోట ఆగండి. అక్కడ ఫలానా నిర్మాణంలో ఫలానా పేరు గల మెంబర్ లేదనో, ఫంక్షన్‌కు ఇచ్చిన విలువలు ఎక్కువయ్యాయనో ఉంటే మీ వర్చువల్‌బాక్స్ ఆ కెర్నెల్‌కు పాతబడిందని అర్థం. హెడర్లు దొరకలేదని ఉంటే కెర్నెల్‌కు పాపం అంటగట్టనక్కరలేదు. హెడర్ల ప్యాకేజీ వేసుకుంటే సరిపోతుంది.

ఇక మీరు చేయవలసిన పని. ఉబుంటు దీర్ఘకాలిక విడుదలల్లో రెండు కెర్నెల్ దారులు ఉంటాయి. 22.04తో పాటు మొదట వచ్చిన 5.15 దారి ఒకటి. దాన్ని జీఏ అంటారు, అది వరుస మారదు. కొత్త హార్డ్‌వేర్ కోసం ఉద్దేశించిన హెచ్‌డబ్ల్యూఈ దారి రెండోది; అది 5.19, 6.2, 6.5 మీదుగా 6.8కి వచ్చి చేరింది. డెస్క్‌టాప్ విడుదలను ఇన్‌స్టాల్ చేసినవారు తమకు తెలియకుండానే ఈ రెండో దారిలో ఉంటారు. మీకు జరిగింది ఇదే.

కాబట్టి గ్రబ్ మెనూ నుంచి 5.15లోకి బూట్ అయి, ‘లైనక్స్-జెనరిక్’ అనే ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయండి; దానితో 5.15 వరుసలోని తాజా కెర్నెల్, దాని హెడర్లు రెండూ వస్తాయి. ఒకసారి రీస్టార్ట్ చేసి ఆ తాజా 5.15లోనే ఉన్నారని ‘యూనేమ్ -ఆర్’ కమాండుతో రూఢి చేసుకుని, వర్చువల్ మెషిన్ తెరుచుకుంటోందని చూసుకున్న తరువాత, ‘లైనక్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-22.04’ ప్యాకేజీనీ, అదే ముక్క పేరులో ఉన్న ఇమేజ్ (కెర్నెల్ అసలు ఫైలు), హెడర్ల ప్యాకేజీలనూ తీసివేయండి. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఆ ప్యాకేజీలు పోయినా 6.8 కెర్నెల్ ఫైళ్లు డిస్కులోనే ఉంటాయి, గ్రబ్ ఎప్పుడూ పెద్ద నంబరునే ముందు పెడుతుంది, రీస్టార్ట్ చేయగానే మళ్లీ 6.8లో తేలతారు. కాబట్టి 6.8 ఇమేజ్, మాడ్యూళ్ల ప్యాకేజీలను కూడా తొలగించాలి. ఆ తరువాత అప్‌డేట్లు మామూలుగా వస్తూనే ఉంటాయి, 5.15లోనే ఒక కూర్పు నుంచి మరో కూర్పుకు మారుతుంటారు, డీకేఎంఎస్ ప్రతిసారీ మాడ్యూళ్లను పేచీ లేకుండా కట్టుకుంటుంది. ఒకే వరుసలో లోపలి ఫంక్షన్లు మారడం అరుదు.

ఒక్క అడ్డంకి ఉంది. కంప్యూటర్ మరీ కొత్తదైతే వైఫై, గ్రాఫిక్స్, టచ్‌ప్యాడ్ వంటివి 5.15లో సరిగా పనిచేయకపోవచ్చు. హెచ్‌డబ్ల్యూఈ దారి పుట్టిందే అందుకు. మీరు ఇప్పటికే 5.15ను వాడి చూశారు కనుక మీకు ఆ భయం లేదు. ఉబుంటు 22.04కు మామూలు మద్దతు 2027 వరకు ఉంటుంది. ఆలోగా ఆఫీసు నియమం మారేలా పై అధికారులకు చెప్పడం మంచిది, ఎందుకంటే వర్చువల్‌బాక్స్ 6.1 వరుసకే దాన్ని తయారుచేసిన సంస్థ మద్దతు ముగిసి చాలాకాలమైంది. ఆ లెక్కన కెర్నెల్ కన్నా ఎక్కువ చింతించవలసింది దాని గురించే.

ప్రశ్న: కెర్నెల్ మారకుండా ఉండాలని ‘ఆప్ట్-మార్క్ హోల్డ్’తో నా 5.15 ఇమేజ్ ప్యాకేజీని పట్టి ఉంచాను. అయినా కొత్త కెర్నెల్ వచ్చేసింది. హోల్డ్ ఎందుకు పనిచేయలేదు?

జవాబు: పనిచేసింది, మీరు అనుకున్న దాని మీద కాదు. డెబియన్, ఉబుంటులలో కొత్త కెర్నెల్ పాత ప్యాకేజీకి కొత్త వెర్షన్‌గా రాదు. పేరులోనే నంబరు ఉన్న వేరే ప్యాకేజీగా వచ్చి పాతదాని పక్కన కూర్చుంటుంది. 5.15.0-91 అన్న పేరున్న ఇమేజ్‌ను మీరు హోల్డ్ చేస్తే అది చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది, 5.15.0-92 నిరాటంకంగా దిగుతుంది. కొత్తదాన్ని లాక్కొచ్చేది ‘లైనక్స్-జెనరిక్’, ‘లైనక్స్-ఇమేజ్-జెనరిక్’, ‘లైనక్స్-హెడర్స్-జెనరిక్’ వంటి మెటా ప్యాకేజీలు, అంటే తాజా కెర్నెల్ ప్యాకేజీ ఏదో చూపడానికే ఉన్నవి. ఆపాలంటే వాటిని ఆపాలి.

కానీ వాటిని ఆపితే భద్రతా సవరణలు కూడా ఆగిపోతాయి. అందుకే హోల్డ్‌ను నేను తాత్కాలిక ఏర్పాటుగానే చూస్తాను: రేపు ముఖ్యమైన పని ఉంది, ఈ వారం కెర్నెల్ మారకూడదు, వచ్చే వారం తీరిగ్గా చూసుకుంటాను అన్న సందర్భానికి అది సరిపోతుంది. వేసిన హోల్డ్‌ను తీయడం మరిచిపోవడం సర్వసాధారణం. ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’ అన్న కమాండు ఏమేమి పట్టి ఉంచారో చూపుతుంది, అప్పుడప్పుడు దాన్ని ఒకసారి నడపండి. మీరు అట్టిపెట్టాలనుకున్న ఇమేజ్, అక్కరలేని ప్యాకేజీలను తీసేసే ‘ఆటోరిమూవ్’లో కొట్టుకుపోకుండా ఉండటమే మీ ఉద్దేశమైతే, దాన్నీ దాని హెడర్లనూ ‘ఆప్ట్-మార్క్ మాన్యువల్’ అని గుర్తుపెడితే చాలు.

ప్రశ్న: గ్రబ్ సెట్టింగులలో డిఫాల్ట్ ఎంట్రీగా పాత కెర్నెల్ నంబరు ఇచ్చాను. కొన్నాళ్లు బాగానే ఉంది. ఒక అప్‌డేట్ తరువాత తనంతట తానే వేరే కెర్నెల్‌లోకి బూట్ అవుతోంది.

జవాబు: మెనూలోని వరుస సంఖ్య ఆ రోజు ఉన్న జాబితాకే చెల్లుతుంది. పైన కొత్త కెర్నెల్ ఒకటి చేరగానే మిగిలినవన్నీ ఒక మెట్టు కిందికి జరుగుతాయి. మీరు ఇచ్చిన సంఖ్య అలాగే ఉంటుంది, అది చూపే కెర్నెల్ మారిపోతుంది. పైగా పాత కెర్నెళ్లు ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ అనే లోపలి మెనూలో ఉంటాయి కనుక ఒక్క సంఖ్య చాలదు. బయటి ఎంట్రీ, ‘>’ గుర్తు, లోపలి ఎంట్రీ కలిపి ఇవ్వాలి.

సంఖ్యల జోలికి పోకుండా, ‘ఈటీసీ’లోని ‘డిఫాల్ట్’ ఫోల్డరులో ఉండే ‘గ్రబ్’ ఫైలులో ‘గ్రబ్_డిఫాల్ట్’ విలువను ‘సేవ్డ్’ అని మార్చి, ‘అప్‌డేట్-గ్రబ్’ నడిపి, తరువాత ‘గ్రబ్-సెట్-డిఫాల్ట్’ కమాండుకు ఎంట్రీ ఐడీని ఇవ్వండి. ఐడీలు ‘బూట్’ ఫోల్డరులోని గ్రబ్ కాన్ఫిగరేషన్ ఫైలులో ఉంటాయి. ‘జీఎన్‌యూలైనక్స్’తో మొదలై కెర్నెల్ వెర్షన్ మీదుగా సాగి డిస్క్ గుర్తింపు సంఖ్యతో ముగుస్తాయి. పొడవుగా ఉంటాయి, చేత్తో టైపు చేయకుండా కాపీ చేసుకోవడం మేలు. శాశ్వతంగా మార్చే ముందు ‘గ్రబ్-రీబూట్’తో అదే ఐడీని ఇచ్చి చూడండి, అది వచ్చే ఒక్క బూట్‌కే వర్తిస్తుంది, ఎంపికలో ఏదైనా తేడా ఉంటే ఆ పై రీస్టార్ట్‌తో మొదటి స్థితికి వచ్చేస్తారు.

ప్రశ్న: ఫెడోరాలో మూడు నాలుగు అప్‌డేట్ల తరువాత నేను వాడుకుంటున్న పాత కెర్నెల్ మెనూలో నుంచి మాయమైంది. దాన్ని నేను తొలగించలేదు.

జవాబు: ఫెడోరాలో ప్యాకేజీలను చూసుకునే డీఎన్ఎఫ్ తొలగించింది. దాని కాన్ఫిగరేషన్ ఫైలులో ‘ఇన్‌స్టాల్‌ఓన్లీ_లిమిట్’ అనే విలువ సాధారణంగా 3 ఉంటుంది; నాలుగో కెర్నెల్ వచ్చినప్పుడు అన్నిటికన్నా పాతది పోతుంది. ఆ క్షణాన నడుస్తున్న కెర్నెల్‌ను మాత్రం అది ముట్టుకోదు. విలువను పెంచుకోవచ్చు, లేదా వెర్షన్‌లాక్ ప్లగిన్‌తో కావలసినదాన్ని నిలుపుకోవచ్చు. విలువ పెంచేటప్పుడు ‘బూట్’ పార్టిషన్‌లో ఖాళీ ఎంత ఉందో చూసుకోండి, అది నిండిపోతే వచ్చే చిక్కు ఇప్పటిదానికన్నా పెద్దది.

నా అభిప్రాయం వేరుగా ఉంది. ఫెడోరా తన ఒక్కో విడుదల నడుమలోనే కొత్త కెర్నెల్ వరుసలకు మారుతూ పోతుంది. అందులో పాత వరుసకు సవరణలు రావు. బయటి మాడ్యూళ్ల మీద ఆధారపడే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేరే మీ ముఖ్యమైన పనిముట్టు అయితే, వరుస మారని పంపిణీని ఎంచుకోవడం మంచిది. డెబియన్ 12 మొదటి నుంచీ 6.1 మీదే ఉంది. ఉబుంటు జీఏ దారి గురించి పైన చెప్పాను. ఆర్చ్ వాడేవారికి, దీర్ఘకాలిక మద్దతు గల కెర్నెల్‌ను ఇచ్చే ‘లైనక్స్-ఎల్‌టీఎస్’ అనే ప్యాకేజీ ఉంది. మామూలు కెర్నెల్ పక్కనే దాన్నీ, దాని హెడర్లనూ పెట్టుకుంటే రెండింటిలో ఏదో ఒకటి ఎప్పుడూ పనిచేస్తుంది. అయితే అది కూడా కొన్నాళ్లకు కొత్త ఎల్‌టీఎస్ వరుసకు మారుతుందని గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: నా కంప్యూటర్ రూటర్ వెనుక ఉంటుంది, బయటివారెవరూ దానిలోకి రాలేరు. అలాంటప్పుడు ఒకే కెర్నెల్‌ను ఏళ్ల తరబడి ఉంచుకుంటే నష్టమేమిటి?

జవాబు: కెర్నెల్‌లో బయటపడే లోపాల్లో ఎక్కువ భాగం నెట్‌వర్కు నుంచి నేరుగా లోపలికి వచ్చేవి కావు, మామూలు యూజరుగా నడుస్తున్న ప్రోగ్రాముకు సర్వాధికారాలు కట్టబెట్టేవి. బ్రౌజర్‌లోనో, డౌన్‌లోడ్ చేసుకున్న ఏదో సాధనంలోనో హానికరమైనది ఒకటి దూరితే, దాన్ని మీ యూజర్ ఖాతా వరకే ఆపవలసింది కెర్నెల్.

2022 మార్చిలో బయటపడిన డర్టీ పైప్ అనే లోపాన్ని తీసుకోండి. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలులోని సమాచారాన్ని మామూలు యూజరు మార్చేయగలగడం, అక్కడి నుంచి రూట్ అధికారం పొందడం దాని సారాంశం. అది 5.8లో చొరబడింది, 5.16.11, 5.15.25, 5.10.102లలో సరిదిద్దారు. ఈ అంకెలను జాగ్రత్తగా చూడండి. 5.10 అప్పటికే పాత వరుస, కానీ 5.10.102లో ఉన్నవారు క్షేమం; 5.16 అప్పటికి కొత్త వరుస, కానీ 5.16.10 దగ్గర ఆగినవారికి ప్రమాదం. ఇంకా వింత ఏమిటంటే 5.4లో ఉన్నవారికి ఈ లోపమే లేదు. కెర్నెల్ పాతదా కొత్తదా అన్నది కాదు, దాని వరుసకు సవరణలు అందుతున్నాయా, వాటిని మీరు తీసుకుంటున్నారా అన్నది తేల్చుకోవాలి.

వర్చువల్ మెషిన్లు నడిపేవారికి ఇంకో సంగతి ఉంది. 2018 ఆగస్టులో వెల్లడైన ఎల్1టీఎఫ్ లోపం ఇంటెల్ ప్రాసెసర్లలో వర్చువల్ మెషిన్‌లోని ప్రోగ్రాముకు బయటి మెషిన్ మెమరీలోని సమాచారాన్ని చదివే అవకాశం ఇచ్చింది. దానికి విరుగుడు హోస్ట్ (బయటి మెషిన్) కెర్నెల్‌లోనూ, వర్చువల్ మెషిన్లను నడిపే హైపర్‌వైజర్‌లోనూ, ప్రాసెసర్ మైక్రోకోడ్‌లోనూ పడాలి. గెస్ట్‌ను, అంటే లోపలి మెషిన్‌ను, ఎంత తాజాగా ఉంచినా ఫలితం లేదు. అనుమానాస్పదమైన సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి వర్చువల్ మెషిన్ వాడేవారు చాలామంది ఉన్నారు. వారు హోస్ట్‌ను పాచ్ చేయకుండా వదిలేయడం గోడకు కన్నం ఉంచి తలుపుకు తాళం వేసుకోవడమే.

ప్రశ్న: డెబియన్ 13కు మారాను. వర్చువల్‌బాక్స్ మాడ్యూళ్లు ఏ తప్పూ లేకుండా కంపైల్ అయ్యాయి. కానీ మెషిన్‌ను ప్రారంభిస్తే ‘వీఎంఎక్స్ రూట్ మోడ్’లో పనిచేయలేననీ, కేవీఎంను నిలిపివేయమనీ అంటోంది. 6.1 కెర్నెల్‌కు తిరిగి వెళ్లాలా?

జవాబు: అక్కరలేదు. మీ మాడ్యూల్ కెర్నెల్‌తో బాగానే కలిసింది, తగాదా కెర్నెల్‌లోనే ఉన్న వర్చువలైజేషన్ మాడ్యూల్ కేవీఎంతో. ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయాన్ని ఒక సమయంలో ఒక్కరే పట్టుకోగలరు. పాత కెర్నెళ్లలో కేవీఎం మాడ్యూల్ ఎక్కి ఉన్నా, దాని కింద మొదటి వర్చువల్ మెషిన్ తయారయ్యేవరకు ఆ సదుపాయాన్ని ముట్టుకునేది కాదు; అందువల్ల కేవీఎం పక్కనే ఉన్నా వర్చువల్‌బాక్స్‌కు ఇబ్బంది కలగలేదు. డెబియన్ 13లో ఉన్న 6.12 నుంచి మాడ్యూల్ ఎక్కగానే దాన్ని పట్టుకోవడం మొదలైంది. మొదటి మెషిన్‌ను తెరిచేటప్పుడు పట్టే ఆలస్యం తగ్గించడానికి చేసిన మార్పు ఇది, దానిలో న్యాయం ఉంది. వర్చువల్‌బాక్స్ వాడేవారికి మాత్రం పిడుగులా పడింది.

ఒక్కసారికి చూడాలంటే ‘మోడ్‌ప్రోబ్ -ఆర్’తో ఇంటెల్ ప్రాసెసర్ అయితే ‘కేవీఎం_ఇంటెల్’ను, ఏఎండీ అయితే ‘కేవీఎం_ఏఎండీ’ను దించి మెషిన్‌ను తెరవండి. శాశ్వతంగా కావాలంటే గ్రబ్‌లో కెర్నెల్ కమాండ్ లైనుకు ‘కేవీఎం.ఎనేబుల్_విర్ట్_ఎట్_లోడ్=0’ అని చేర్చి ‘అప్‌డేట్-గ్రబ్’ నడపండి; కేవీఎం మళ్లీ పాత పద్ధతికి వస్తుంది, రెండూ ఒకే సమయంలో మెషిన్లు నడపనంతవరకు సర్దుకుపోతాయి. ఒక్క పారామీటరుతో పోయే చిక్కుకు కెర్నెల్ వరుసనే వెనక్కి తిప్పడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

ప్రశ్న: పాత కెర్నెల్‌కు వెళ్లినా, కొత్తదానికి వచ్చినా ‘రిక్వయిర్డ్ కీ నాట్ అవైలబుల్’ అంటూ వీబాక్స్‌డ్రవ్ ఎక్కడం లేదు.

జవాబు: ఇది సెక్యూర్ బూట్ పని, అంటే నమ్మకమైన సంతకం లేనిదాన్ని నడవనివ్వని ఏర్పాటు. మీరు మీ కంప్యూటర్‌లో కంపైల్ చేసుకున్న మాడ్యూల్ మీద కెర్నెల్ నమ్మే సంతకం లేదు. ఉబుంటులో మాడ్యూల్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. రీస్టార్ట్ అయినప్పుడు వచ్చే నీలిరంగు తెరలో ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర కొద్ది క్షణాలే ఆగుతుంది. ఏ మీటా నొక్కకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది, సంతకాన్ని గుర్తించే కీ చేరదు. మీకు అదే జరిగి ఉంటుంది. ‘మోక్‌యుటిల్ ఇంపోర్ట్’తో కీని మళ్లీ పంపి, ఈసారి తెర ముందే కూర్చోండి. సెక్యూర్ బూట్‌ను తీసేయమన్న సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. ఇంత చిన్న పనికి అంత దూరం పోనక్కరలేదు.

ప్రశ్న: కెర్నెల్ 6.5కు మాడ్యూల్ కంపైల్ చేస్తుంటే ‘జీసీసీ-12 నాట్ ఫౌండ్’ అని వస్తోంది. నా ఉబుంటు 22.04లో జీసీసీ 11 ఉంది.

జవాబు: ఆ కెర్నెల్‌ను జీసీసీ అనే కంపైలర్ 12వ వెర్షన్‌తో కట్టారు, మాడ్యూల్ కూడా దానితోనే కట్టమని అడుగుతోంది. జీసీసీ-12 ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ప్రయత్నించండి. 11ను తొలగించవద్దు, రెండూ పక్కపక్కన ఉంటాయి.

ప్రశ్న: ఈ తలనొప్పి మొత్తం వదిలించుకోవడానికి కేవీఎంకు మారిపోతే ఎలా ఉంటుంది? నా దగ్గర వర్చువల్‌బాక్స్‌లో తయారుచేసుకున్న విండోస్ మెషిన్ ఒకటి ఉంది.

జవాబు: మాడ్యూల్ కంపైల్ చేసే బాధ వరకు పూర్తిగా పోతుంది. కేవీఎం 2007 ఫిబ్రవరిలో వచ్చిన 2.6.20 నుంచి కెర్నెల్‌లో భాగం; లోపలి ఫంక్షన్‌ను మార్చినవారే దాన్నీ సరిదిద్దుతారు. ఏ కెర్నెల్‌లోకి బూట్ అయినా అది సిద్ధంగా ఉంటుంది. తెర మీద మెనూలతో పనిచేయాలనుకుంటే విర్ట్-మేనేజర్ ఉంది. వర్చువల్‌బాక్స్ అంత సులువుగా ఉండదు గానీ కొద్ది రోజుల్లో చేతికి అలవాటవుతుంది.

డిస్కును మార్చడానికి ‘కెము-ఇమ్‌జి కన్వర్ట్’ అనే కమాండు ఉంది. వర్చువల్‌బాక్స్ డిస్కు అయిన వీడీఐ ఫైలును ఇస్తే కేవీఎంతో వాడే క్యూకౌ2 రూపంలో కొత్త ఫైలును తయారుచేస్తుంది, పాతదాన్ని ముట్టుకోదు. మీ మెషిన్‌కు స్నాప్‌షాట్‌లు ఉంటే మాత్రం జాగ్రత్త. వర్చువల్‌బాక్స్‌లో స్నాప్‌షాట్ తీసిన తరువాతి మార్పులన్నీ వేరే ఫైళ్లలో ఉంటాయి; మూల వీడీఐ ఒక్కదాన్నే మారిస్తే మొదటి స్నాప్‌షాట్ నాటి విండోస్ లేచి కూర్చుంటుంది, ఆ తరువాత చేసిన పనంతా అందులో కనిపించదు. ముందుగా వర్చువల్‌బాక్స్‌లోనే ఆ మెషిన్‌కు ప్రస్తుత స్థితి మాత్రమే ఉండేలా పూర్తి క్లోన్ తీసి, ఆ క్లోన్ డిస్కును మార్చండి.

విండోస్‌కు విర్ట్‌ఐఓ (కేవీఎం మెషిన్లు వాడే వర్చువల్ పరికర రకం) డిస్కు డ్రైవర్ తనంతట తాను తెలియదు. కనుక మొదటిసారి డిస్కును సాటా రకంగానే తగిలించి బూట్ చేయండి. లోపలికి వెళ్లాక వర్చువల్‌బాక్స్ గెస్ట్ అడిషన్లను తొలగించి, విర్ట్‌ఐఓ డ్రైవర్ల ఐఎస్ఓను తగిలించి డ్రైవర్లు వేయండి. తరువాత చిన్నపాటి రెండో డిస్కును విర్ట్‌ఐఓ రకంగా చేర్చి, విండోస్ దాన్ని గుర్తుపట్టిందని చూసుకున్నాకే అసలు డిస్కు రకాన్ని మార్చండి. ఈ మెట్టు దాటవేస్తే బూట్ దగ్గరే నీలి తెర ఎదురవుతుంది. హార్డ్‌వేర్ మారిందని విండోస్ మళ్లీ యాక్టివేషన్ అడిగే అవకాశం ఉంది కనుక ఆ కీని దగ్గర ఉంచుకోండి. వర్చువల్‌బాక్స్ షేర్డ్ ఫోల్డర్లు కేవీఎంలోకి రావు, వాటిలోని ఫైళ్లను పంచుకోవడానికి సాంబా (నెట్‌వర్కు మీద ఫైళ్లు పంచే సాఫ్ట్‌వేర్) పెట్టుకోవడం అన్నిటికన్నా తక్కువ శ్రమ. కొత్త మెషిన్‌లో మీ రోజువారీ పనులన్నీ, ప్రింటర్, యూఎస్‌బీ పరికరాలతో సహా, కొన్నాళ్లపాటు చేసి చూసేవరకు పాత వీడీఐని, దాన్ని నడపగల కెర్నెల్‌ను డిస్కులోనే ఉండనివ్వండి.